1014 ఎవరు?

కొత్త సిమ్ తీసుకున్నవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. సిమ్ వేసిన రెండో రోజే ఎవరో ఫోన్ చేసి "రావు గారేనా అండీ?" అంటారు. కాదండీ అంటే నమ్మరు. "నంబరు ఆయనదే కదా, మరి మీరెవరు?" అని మననే నిలదీస్తారు. నాలుగు రోజులకి ఆయన కట్టాల్సిన ఈఎంఐ గురించి మెసేజ్ వస్తుంది. ఆ తర్వాత ఆయన బ్యాంకు ఓటీపీ కూడా మన ఫోన్‌కే. ఇందులో మనం చేసిందేం లేదు. ఆయన వదిలేసిన నంబరుని కంపెనీ వాళ్లు కొన్నాళ్లు ఆగి మనకిచ్చారు. బ్యాంకుకి మనిషితో పనిలేదు, నంబరు చూసి పంపించేస్తుంది.

ఇదే సంగతి ఒక ఆఫీసు సర్వర్‌లో జరిగింది. దానివల్ల ఉద్యోగంలో చేరి మూడు వారాలు కూడా కాని ఒక అమ్మాయి దొంగ అనిపించుకునేదాకా వెళ్లింది. అది చెప్పాలంటే ముందు యూనిక్స్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఓపిక పట్టండి, కష్టమైనదేం కాదు.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అనే ఇద్దరు దాని వెనక ముఖ్యులు. ఆ రోజుల్లో ఒక కంప్యూటర్‌ని చాలామంది పంచుకుని వాడేవాళ్లు. కాబట్టి ఏ ఫైలు ఎవరిది, ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్న లెక్క మొదట్నుంచీ అవసరమైంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కూడా అదే లెక్కని తీసుకుంది. ఈ లెక్కలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. సిస్టమ్‌కి మీ పేరు తెలీదు. మీ అకౌంట్‌కి ఒక నంబరు ఉంటుంది, దాన్ని యూఐడీ అంటారు. ఫైలు మీద ఓనర్‌గా రాసి ఉండేది ఆ నంబరే. మనం లిస్ట్ చూసినప్పుడు స్క్రీన్ మీద కనిపించే పేరు అప్పటికప్పుడు ఒక పట్టీలో వెతికి తెచ్చి పెట్టేది. ఈ నిమిషంలో ఆ నంబరు ఎవరి పేరు మీద ఉంటే ఆ పేరే చూపిస్తుంది. నిన్న ఎవరి పేరు మీద ఉందో దానికి అక్కర్లేదు.

సర్వ శక్తులూ ఉన్న రూట్ అకౌంట్ కూడా అంతే. రూట్ అన్న పేరులో మహిమేం లేదు, దాని నంబరు సున్నా కావడంలోనే ఉంది. ఇంకో పేరుతో అకౌంట్ తెరిచి దానికి సున్నా ఇచ్చినా అదీ రూటే.

సర్వర్లతో మనకేం పని అనుకోకండి. ఇది మీరు చదువుతున్నది ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే దాని అడుగున ఉన్నదీ లినక్సే. అందులో మామూలుగా ప్రతి యాప్‌కీ ఒక యూఐడీ ఇస్తారు, 10000 నుంచి మొదలవుతాయి. అంటే ఫోన్ వాడేది మీరొక్కరే అయినా, దాని దృష్టిలో లోపల ఒక పెద్ద హాస్టలే ఉంది. పేమెంట్ యాప్ ఒక గదిలో, గేమ్ ఇంకో గదిలో. మీరు ఎక్కడి నుంచో దించుకున్న గేమ్, పేమెంట్ యాప్ సొంత ఫైళ్లలోకి తొంగి చూడలేకపోవడానికి మొదటి అడ్డుగోడ ఈ నంబర్లే.

ఇక మా ఆఫీసు. మాదాపూర్‌లో చిన్న కంపెనీ, పేరు వద్దు. నేను ఇప్పుడు అక్కడ లేను కూడా. ఒక లినక్స్ సర్వర్ ఉండేది. డెవలపర్ల బిల్డులు, టెస్ట్ డేటా, ఫైనాన్స్ వాళ్ల జీతాల ఫైళ్లు అన్నీ దాని మీదే. అలా కలిపి ఉంచకూడదని అందరికీ తెలుసు. చిన్న కంపెనీల్లో తెలిసినవన్నీ జరగవు.

ఆ నెలాఖరున జీతాల ఫైలు తయారు కాలేదు. ప్రతి నెలా దానంతటదే తయారై ఒక ఫోల్డర్‌లో పడేది. ఎవరు పెట్టారో, ఎలా నడుస్తుందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఫైనాన్స్ సార్ తనే ఎక్సెల్ షీట్ చేసుకుని ఆ ఫోల్డర్‌లో పెట్టబోయారు. 'పర్మిషన్ డినైడ్' అని వచ్చింది. ఆయన వాడే విన్‌ఎస్‌సీపీలో ఫైళ్ల పక్కన ఓనర్ అని ఒక కాలమ్ ఉంటుంది. ఎప్పుడూ చూడని ఆ కాలమ్ ఆ రోజు చూశారు. ఫోల్డర్‌కీ, అందులో ఉన్న ఇరవై ఆరు జీతాల ఫైళ్లకీ ఓనర్‌గా ఒకే పేరు ఉంది. మూడు వారాల కిందట డెవలపర్‌గా చేరిన అమ్మాయి పేరు.

అరగంటలో హెచ్‌ఆర్‌కి తెలిసింది. గంటలో తన ల్యాప్‌టాప్ తీసుకున్నారు. మధ్యాహ్నం నాలుగింటికి మీటింగ్ పెట్టారు. తను ఇంకా ప్రొబేషన్‌లో ఉంది, కాబట్టి పంపించెయ్యడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. మా మేనేజర్ నా దగ్గరికొచ్చి, "అమ్మా, నువ్వు లినక్స్ బాగా చూస్తావు కదా, ఆ ఫోల్డర్ స్క్రీన్‌షాట్లు తీసి ప్రూఫ్ తయారు చెయ్యి" అన్నారు. ప్రూఫ్ ఉందో లేదో చూడమని కాదు, తయారు చెయ్యమని.

ఆ అమ్మాయి ప్యాంట్రీలో కూర్చుని ఉంది. "అక్కా, నాకు ఆ ఫోల్డర్ ఉందన్న సంగతే తెలీదు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే కొంచెం నయమనిపించేది.

నేను సర్వర్‌లోకి వెళ్లేసరికి మా సపోర్ట్ తమ్ముడు అప్పటికే లోపలున్నాడు. ఫైనాన్స్ సార్ ఫైలు పెట్టలేకపోతున్నారని వాడికి టికెట్ వెళ్లింది. వాడి మందు వాడి దగ్గర రెడీగా ఉంది. "అక్కా, సీహెచ్‌మాడ్ ట్రిపుల్ సెవెన్ కొట్టేస్తే అయిపోద్ది" అన్నాడు. ఎంటర్ మీద వేలు ఒక్కటే తక్కువ.

ఈ 777 గురించి ఆగి చెప్పాలి. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం ల్యాబ్ నుంచి అమీర్‌పేట కోచింగ్ దాకా అందరూ ఇచ్చే సలహా ఇదే. ప్రతి ఫైలుకీ మూడు రకాల మనుషులుంటారు: ఓనర్, ఓనర్‌తో పాటు ఒక గ్రూప్, మిగతా లోకం. ఒక్కొక్కరికీ మూడు హక్కులు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిపితే 7. కాబట్టి 777 అంటే ఓనర్‌కీ, గ్రూప్‌కీ, దారిన పోయే దానయ్యకీ కూడా అన్నీ ఇచ్చేయడం. మా జీతాల ఫోల్డర్ 750 మీద ఉంది. ఓనర్‌కి అన్నీ, ఫైనాన్స్ గ్రూప్‌కి చూడ్డం, లోపలికెళ్లడం, మిగతావాళ్లకి సున్నా. అందుకే ఫైనాన్స్ సార్ పాత ఫైళ్లు చదవగలిగేవారు కానీ కొత్తది పెట్టలేకపోయారు. సిస్టమ్ సరిగ్గానే పనిచేస్తోంది. 777 కొడితే సార్ పని అవుతుంది, దాంతోపాటు సర్వర్‌లో అకౌంట్ ఉన్న ప్రతివాడూ ప్రతివాడి జీతమూ చూస్తాడు. ఒకళ్ల మీద దొంగతనం అంటగడుతూ, తలుపులు బార్లా తీసి పెట్టడం అన్నమాట.

పర్మిషన్ డినైడ్ అని రాగానే మనవాళ్లకి అవమానం జరిగినట్టు ఉంటుంది. 777 ఆ కోపంలో చేసే పని. నిజానికి దానివల్ల పని చెడే చోట్లు కూడా ఉన్నాయి. మీ హోమ్ ఫోల్డర్‌ని 777 చేసి చూడండి (వద్దులెండి, నమ్మండి). కీ పెట్టి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్, మామూలు సెట్టింగుల్లో, ఆ కీని ఒప్పుకోవడం మానేస్తుంది. ఎవడైనా వచ్చి కీల జాబితా మార్చేసే వీలున్న చోటుని నేను నమ్మను అంటుంది. ప్రైవేట్ కీ ఫైలుని అందరూ చదివేలా పెట్టినా అంతే, పెద్ద అక్షరాల్లో తిట్టి పక్కన పడేస్తుంది. 600 చేసి తెమ్మంటుంది.

ఆ రోజు నేను వాడి చెయ్యి ఆపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కమాండ్ కొడితే సాక్ష్యం చెరిగిపోతుంది. ఎలాగో ఇప్పుడు చెప్తా.

మొదట చేసింది చిన్న పని. ఫైళ్ల లిస్ట్‌ని పేర్లతో కాకుండా నంబర్లతో చూపించమన్నాను. ఎల్‌ఎస్ కమాండ్‌కి మైనస్ ఎల్ బదులు మైనస్ ఎన్ ఇస్తే చాలు. ఆ అమ్మాయి పేరున్న చోటల్లా 1014 అని వచ్చింది. సరే, ఇప్పుడు ప్రశ్న మారింది. ఈ ఫైళ్లు ఆమెవా అని కాదు, ఈ ఫైళ్లు తయారైన రోజున 1014 ఎవరు?

ఫైళ్ల మీద తేదీలు రెండేళ్ల కిందటి నుంచి ఉన్నాయి. తను చేరింది మొన్న. ఇది చాలు కదా అనుకున్నాను. ఫైనాన్స్ సార్ ఒప్పుకోలేదు. "డేట్లు మార్చెయ్యొచ్చు కదమ్మా, యూట్యూబ్‌లో ఉంది" అన్నారు. ఆయనన్నది నిజం. టచ్ అనే కమాండ్‌తో ఓనర్ తన ఫైలుకి ఏ తేదీ కావాలంటే ఆ తేదీ వేసుకోవచ్చు.

కానీ ఫైలుకి తేదీ ఒక్కటే ఉండదు. స్టాట్ అనే కమాండ్ ఇస్తే కనీసం మూడు చూపిస్తుంది. చివరిసారి ఎవరైనా తెరిచి చదివిన సమయం ఒకటి. లోపలి విషయం మారిన సమయం రెండోది, మామూలు లిస్ట్‌లో కనిపించేది ఇదే. మూడోది ఛేంజ్ టైమ్. ఫైలులో విషయం మారినా, పర్మిషన్లు మారినా, ఓనర్ మారినా ఇది మారుతుంది. దీన్ని మనకి నచ్చినట్టు వెనక్కి తిప్పే మామూలు కమాండ్ లేదు. టచ్‌తో పాత తేదీ వేస్తే, వేసిన క్షణం ఈ మూడో దాంట్లో నమోదవుతుంది. దొంగతనం చేసినవాడు వేలిముద్రలు తుడిస్తే, తుడిచిన గుడ్డ అక్కడే పడి ఉన్నట్టు. సర్వర్ గడియారాన్నే మార్చగల రూట్ అయితే తప్ప దీన్ని ఏమార్చడం కష్టం. ఆ అమ్మాయికి రూట్ లేదు. లినక్స్‌లో ఫైలు ఓనర్‌ని మార్చడానికి కూడా రూట్ కావాలి, మామూలు యూజర్ వేరేవాళ్ల ఫైలుని తన పేరు మీద రాయించుకోలేడు. కాపీ చేసుకుంటే ఓనర్ తనే అవుతాడు కానీ అది కొత్త ఫైలు, దాని ఛేంజ్ టైమ్ ఇవాళ్టిదే.

ఇరవై ఆరు ఫైళ్లకీ ఛేంజ్ టైమ్ తను చేరకముందుదే. అన్నిటికంటే కొత్త ఫైలుది కూడా అంతకుముందు నెలాఖరు రాత్రి. అంటే ఆ తేదీ తర్వాత వీటి విషయం, పర్మిషన్, ఓనర్ ఏదీ మారలేదు. 1014 అన్న నంబరు వాటి మీద అప్పటికే ఉంది. మా తమ్ముడు సీహెచ్‌మాడ్ కొట్టి ఉంటే ఈ సమయాలన్నీ ఆ నిమిషానికి మారిపోయేవి. నేను మొదట స్టాట్ ఇచ్చినదంతా ఒక టెక్స్ట్ ఫైలులో దాచి, వేరే మెషీన్‌లోకి పంపించి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత సర్వర్ లాగ్ తెరిచాను. అకౌంట్ తెరిచినప్పుడు, తీసేసినప్పుడు లాగ్‌లో ఒక్కో లైను పడుతుంది. కొత్త యూజర్ అయితే నంబరుతో సహా. వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నెల 8న ఒక అకౌంట్ తీసేశారు. 12న ఈ అమ్మాయి అకౌంట్ తెరిచారు, నంబరు 1014. తీసేసిన అకౌంట్ ఎవరిదో లాగ్‌లో పేరుంది. ఆరు నెలల కిందట మానేసిన ఒక డెవలపర్‌ది. జీతాల ఫైలు దానంతటదే తయారయ్యేలా క్రాన్ జాబ్ పెట్టింది అతనే. మనిషి వెళ్లిపోయినా అకౌంట్ ఉండటంతో ఆరు నెలలు అతని పేరు మీదే మాకు జీతాలు లెక్క తేలుతున్నాయి. ఆడిట్ వస్తోందని పార్ట్‌టైమ్ అడ్మిన్ పాత అకౌంట్లు శుభ్రం చేశారు. అకౌంట్ పోయింది, దానితో క్రాన్ జాబ్ ఆగింది. అకౌంట్ తీసేటప్పుడు హోమ్ ఫోల్డర్ కూడా తీసెయ్యమంటే తీసేస్తుంది కానీ, మిగతా చోట్ల ఉన్న ఫైళ్ల జోలికి ఆ కమాండ్ పోదు. అవి 1014 అన్న నంబరు మోసుకుంటూ అనాథల్లా అక్కడే ఉండిపోయాయి. పేరు వెతికితే దొరకదు కాబట్టి లిస్ట్‌లో నాలుగు రోజులు వట్టి నంబరే కనిపించి ఉంటుంది.

ఐదో రోజు పేరు దొరికింది. కొత్త యూజర్‌ని తెరిచే కమాండ్, ఉన్నవాటిలో పెద్ద నంబరు చూసి దానికి ఒకటి కలిపి ఇస్తుంది. అతను మానేసేముందు చేరినవాళ్లలో చివరివాడు. ఆ తర్వాత కంపెనీ ఎవర్నీ తీసుకోలేదు. కాబట్టి పెద్ద నంబరు అతనిదే. అది తీసేశాక మిగిలిన పెద్దది 1013. దానికి ఒకటి కలిపితే మళ్లీ 1014. ఎవరూ ఏ కుట్రా చెయ్యలేదు. కూడిక సరిగ్గానే జరిగింది.

అయితే ఇక్కడో చిక్కుంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. ఈ ఫైళ్లు ఆమె చేసినవి కాదని తేలింది సరే. ఆ మూడు వారాల్లో నంబరు పుణ్యమా అని వాటిని తెరిచే హక్కు తనకి నిజంగానే వచ్చింది. తెరిచిందా? దీనికి చివరిసారి చదివిన సమయం చూడాలి. లినక్స్ ప్రతి చదువుకీ ఈ సమయం రాయదు, డిస్క్ మీద భారం పడుతుందని. 2009 నుంచి మామూలుగా ఉన్న పద్ధతి ఏంటంటే, పాత సమయం ఇరవై నాలుగు గంటలు దాటినదైతేనో, ఫైలు ఆ తర్వాత మారి ఉంటేనో కొత్త సమయం రాస్తుంది. మాకు అది చాలు. ఇరవై ఐదు ఫైళ్లకి ఆ సమయం 12వ తేదీ కంటే ముందుదే. అంటే తను వచ్చాక వాటిని ఎవరూ తెరవలేదు. మా బ్యాకప్ మొత్తం డిస్క్‌ని కింది నుంచి కాపీ తీసేది కాబట్టి అది కూడా ఈ లెక్కని చెడగొట్టలేదు.

ఇరవై ఆరోది, కిందటి నెల జీతాల ఫైలు, ఆ రోజు పొద్దున ఫైనాన్స్ సారే తెరిచారు. అంతకుముందు ఎవరు తెరిచారో ఆ సమయం కింద కప్పబడిపోయింది. దాని గురించి అటూ ఇటూ ఏమీ చెప్పలేం. నా రిపోర్ట్‌లో అలాగే రాశాను.

మీటింగ్‌లో హెచ్‌ఆర్ మేడమ్ ఆ ఒక్క లైన్‌నే పట్టుకున్నారు. "అంటే చూసి ఉండొచ్చు కదా?"

"చూసి ఉండొచ్చు మేడమ్. చూడగలిగేలా చేసింది మనం. తన దగ్గర తాళంచెవి ఉందని తనకే తెలీదు. పొద్దున సార్ గోల చేసేదాకా మనకీ తెలీదు" అన్నాను. ఎన్నిసార్లు సర్వర్‌లోకి వచ్చిందో లాగిన్ల రికార్డు కూడా ముందు పెట్టాను. రెండుసార్లు, రెండూ ట్రైనింగ్ రోజునే, పక్కన సీనియర్ కూర్చుని ఉండగా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మేనేజర్ "సరే, టెక్నికల్ ఇష్యూ అని క్లోజ్ చేసేద్దాం" అన్నారు. ల్యాప్‌టాప్ తిరిగిచ్చారు. సారీ అని ఆ గదిలో ఒక్కరూ అనలేదు. ఫైనాన్స్ సార్ మాత్రం మర్నాడు తన టేబుల్ దగ్గరికి పూతరేకుల డబ్బా పట్టుకొచ్చి, ఏమీ మాట్లాడకుండా పెట్టి వెళ్లారు. కొందరికి అంతవరకే వస్తుంది.

ఆ సాయంత్రం తను అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, అసలు ఆ 1014 ఎవరు?" చెప్పాను. "నా ముందు ఉన్నాయన నంబరు నాకెందుకిచ్చారు?" అంది. దానికి కూడిక గురించి చెప్పాను. "మరి మార్చేద్దాం" అంది. ఇద్దరం కూర్చుని మార్చాం.

ముందు జీతాల కోసం మనిషి కాని అకౌంట్ ఒకటి తెరిచాం. ఎవరూ లాగిన్ కాలేనిది, ఉద్యోగం మానెయ్యనిది. క్రాన్ జాబ్ దాని కిందకి, ఫోల్డర్ దాని పేరు మీదకి. ఫైనాన్స్ వాళ్ల గ్రూప్‌కి రాసే హక్కు ఇచ్చాం. అందులో కొత్తగా పడే ఫైళ్లకి కూడా ఆ గ్రూపే వచ్చేలా ముందు ఒక 2 చేర్చి 2770 పెట్టాం. ఆ గ్రూప్‌లో ఫైనాన్స్ సార్ అసిస్టెంట్‌ని కూడా కలిపితే, ఆవిడ పది నిమిషాలకోసారి "ఇంకా రావట్లేదండీ" అని ఫోన్. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, గ్రూపుల జాబితా లాగిన్ అప్పుడే చేతికొస్తుంది. మీరు ఎప్పుడైనా ఇలా చేస్తుంటే ఇంకోటి గుర్తుంచుకోండి. యూజర్‌మాడ్‌కి పెద్ద జీ ఇచ్చేటప్పుడు దాని ముందు చిన్న ఏ లేకపోతే, కొత్త గ్రూప్‌లో చేర్చడంతో పాటు పాత గ్రూపులన్నిట్లోంచీ పీకేస్తుంది. మా తమ్ముడి స్నేహితుడొకడు తన సొంత సర్వర్‌లో తననే సూడో గ్రూప్‌లోంచి గెంటేసుకున్నాడట. తాళం లోపల పెట్టి తలుపు వేసుకోవడం.

ఓనర్ లేని ఫైళ్లని వెతికే ఉపాయం ఒకటుంది, ఫైండ్ కమాండ్‌కి నోయూజర్ అని చెప్పడం. మా తమ్ముడు అది కొట్టి "1014వి ఏం లేవక్కా, క్లీన్" అన్నాడు. ఎలా ఉంటాయి? ఆ నంబరుకి ఇప్పుడు ఓనర్ ఉంది కదా, ఈ అమ్మాయే. నంబరు ఇచ్చి వెతికితే బయటపడ్డాయి. కొన్ని పాత స్క్రిప్టులు, లాగులు, వాటి మధ్య ఒక క్లయింట్ సర్వర్‌లోకి వెళ్లే ప్రైవేట్ కీ. 600 మీద భద్రంగా ఉంది, ఓనర్ తప్ప ఇంకెవరూ చదవలేరు. ఓనర్ ఎవరంటే మూడు వారాల ట్రైనీ. జీతాల సంగతి అందరికీ మంటపుట్టించింది కానీ నాకు చెమటలు పట్టింది దీన్ని చూశాకే. ఆ రాత్రే క్లయింట్‌కి చెప్పి కీ మార్పించాం.

మా తమ్ముడు వాటిలో పాత లాగులు రెండు తన అకౌంట్ నుంచి డిలీట్ చేసేశాడు. తనవి కాని ఫైళ్లు, రాసే హక్కు కూడా లేనివి, ఎలా పోయాయని వాడికే ఆశ్చర్యం. డిలీట్ చెయ్యడానికి ఫైలు మీద హక్కు చూడదు, అది ఉన్న ఫోల్డర్ మీద రాసే హక్కు చూస్తుంది. హాస్టల్ రిజిస్టర్‌లోంచి ఒక పేరు కొట్టెయ్యాలంటే పెన్ను, రిజిస్టర్ చేతిలో ఉంటే చాలు, ఆ పేరు గలవాడి అనుమతి అక్కర్లేదు. అందరూ రాసుకునే టెంప్ ఫోల్డర్‌లో ఎవడివి వాడే తీసేలా స్టిక్కీ బిట్ పెట్టింది ఇందుకే.

లోపలి ఫైలు 777లో ఉన్నా తెరుచుకోదు ఒక్కోసారి. అప్పుడు దారి చూడాలి. ఫ్లాట్ తలుపు తీసే ఉన్నా, గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే పైకెలా వెళ్తారు? దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌లోంచీ దాటి వెళ్లే హక్కు ఉండాలి, అదే ఫోల్డర్ల మీద 1కి అర్థం. నేమీ అనే కమాండ్‌కి మైనస్ ఎల్ ఇచ్చి దారి మొత్తం చెప్తే, ప్రతి గేటు దగ్గర ఎవరున్నారో వరసగా చూపిస్తుంది. ఈ ఒక్క కమాండ్ తెలిస్తే ఎన్ని 777లు తగ్గుతాయో. నా మట్టుకు నేను ఏ పర్మిషన్ గొడవ వచ్చినా ముందు ఐడీ అని కొట్టి, ఈ క్షణంలో సిస్టమ్ నన్ను ఏ నంబరుగా, ఏ గ్రూపుల్లో చూస్తోందో చూసుకుంటా. తర్వాత దారి. ఫైలు చివర్న.

అన్నీ అయ్యాక తన నంబరు 1020 చేశాం. యూజర్‌మాడ్‌కి కొత్త యూఐడీ ఇస్తే హోమ్ ఫోల్డర్‌లో తన ఫైళ్లన్నీ అదే మార్చింది, బయట ఉన్న రెండు మూడు చేత్తో మార్చాం. 1014ని మళ్లీ ఆ పాత డెవలపర్ పేరుకే ఇచ్చి, అకౌంట్‌ని మూసేశాం. పాస్‌వర్డ్ లాక్ చేస్తే సరిపోదు, ఎస్‌ఎస్‌హెచ్ కీ ఉంటే దానితో రావచ్చు. అందుకని అకౌంట్ గడువు తేదీని కూడా వెనక్కి పెట్టి, షెల్‌ని నోలాగిన్ చేశాం. అకౌంట్లు తీసెయ్యడం అనే పద్ధతే ఆ ఆఫీసులో ఆపించాం. మానేసినవాళ్లవి మూసెయ్యడమే, నంబరు వాళ్లతోనే ఉంటుంది. నాలుగు వేల కోట్ల పైచిలుకు నంబర్లకి లెక్క ఉండదు కదా అన్నాడు తమ్ముడు. నాలుగు వందల కోట్లురా అని సరిచేశాం. ఎవరూ నంబర్లు పొదుపు చెయ్యాల్సిన అవసరం లేదన్నది మాత్రం నిజం.

ఇదంతా అయ్యాక పాత డెవలపర్‌కి ఫోన్ చేశాను, స్క్రిప్ట్‌లో ఒక లైన్ అర్థం కాక. సంగతి విని నవ్వి, "నేను మానేసేటప్పుడు హ్యాండోవర్ డాక్యుమెంట్‌లో రాశానండీ, ఎవరూ తెరవలేదా?" అన్నాడు. తెరవలేదు. దానికి స్టాట్ కొట్టి మరీ చూశాను.

ఆ అమ్మాయి ప్రొబేషన్ దాటింది. ఇప్పుడు ఆ సర్వర్ అకౌంట్ల షీట్ తనే చూస్తోందని విన్నాను. మొదటి కాలమ్ పేరు కాదట, నంబరు. 1014 వరసలో వ్యాఖ్య అన్న చోట 'ఎవరికీ ఇవ్వొద్దు' అని రాసి పెట్టిందట, ఎర్ర రంగులో.